ఎదురు బండికి చెయ్యెత్తే మనిషి

"మీ బావ నాలుగింటికి టీకి లేపమన్నారురా. లేపాను. లేవలేదు."

అక్క ఫోన్లో చెప్పింది ఇంతే. నేను అప్పుడు రేపల్లె బజార్లో కొడవలికి పదును పెట్టించుకుంటున్నాను. కొడవలి అక్కడే వదిలేసి స్టేషనుకి నడిచాను. రైలు కదిలాక గుర్తొచ్చింది, అక్కకి నేనేమీ జవాబు చెప్పలేదని. ఫోను చెవి దగ్గర పెట్టుకుని తలూపాను, అంతే. ఫరవాలేదు. నా తలూపుడు అక్కకి ఫోన్లో కూడా వినపడుతుంది.

మా బావ పోయాడు. సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని తెనాలి పాస్టరు అయ్యగారు నన్ను అడిగారు. నాకు రాయడం రాదండి అన్నాను. "ఆయన మాటలు మీకన్నా ఎక్కువ విన్నవాళ్ళు ఎవరున్నారండి" అన్నారు. అది నిజమే. బావ మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. అక్క పెళ్ళినాడు మొదలైన ఏర్పాటు అది. మొన్నటిదాకా ఏ తేడా లేకుండా నడిచింది.

బావ గవర్నమెంటు బస్సు డ్రైవరు. రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బాపట్ల వెళ్ళే బండి. ఆ దారిలో ఊళ్ళవాళ్ళకి బావ పేరు తెలియకపోయినా బండి తెలుసు. ముందు అద్దానికి ఒక మూల పగులు, దాని మీద పసుపు రంగు టేపు. ఎడమ పక్క చూసుకునే అద్దం అసలు లేదు. అటు ఏముందో కండక్టరు తల బయటపెట్టి చూసి చెప్పాలి. "గేదె" అని అరిస్తే బావ కుడికి కోసేవాడు. "గేదె కాదు, గోడ" అంటే ఇంకాస్త కోసేవాడు. ఇద్దరూ అలా చాలా ఏళ్ళు ఒకే బండిని నడిపారు, ఒకడు చేతుల్తో, ఒకడు నోటితో.

ఒకసారి నేనూ ఆ బండిలో ఉన్నాను. దారిలో గేరు ఇరుక్కుపోయింది. రెండో గేరు తప్ప ఇంకేదీ పడదు. వేరే డ్రైవరైతే జనాన్ని దింపేసి చెట్టు కింద కూర్చునేవాడు. బావ రెండో గేరులోనే బాపట్ల దాకా లాక్కొచ్చాడు. సైకిలు మీద పోయే ఒకాయన కిటికీ పక్కనే తొక్కుతూ, లోపలున్న చుట్టాలతో కబుర్లు చెప్పుకుంటూ మాతోపాటే వచ్చాడు. బాపట్లలో దిగేటప్పుడు కొత్త పంచె కట్టుకున్న ముసలాయన ఒకడు, "పెళ్ళి అయిపోయుంటుంది బాబూ" అన్నాడు.

"భోజనాలుంటాయిలే తాతా. కడుపు నిండాక అక్షింతలు వేస్తే ఇంకా బాగా తగులుతాయి" అన్నాడు బావ.

బావకి ఒక నియమం ఉండేది. ఎదురుగా బండి వస్తే స్టీరింగు మీంచి చెయ్యెత్తాలి. బస్సు డ్రైవర్లందరూ ఎత్తుతారు, తెలిసినవాళ్ళకి. బావ అందరికీ ఎత్తేవాడు. లారీకి, ట్రాక్టరుకి, పెళ్ళి కారుకి, ఒకసారి శవాన్ని తీసుకెళ్తున్న వ్యానుకి కూడా. "అవతలున్నది ఎవడో చూడక్కర్లేదు బావమరిదీ. రోడ్డు మీద ఉన్నాడు. అది చాలు" అనేవాడు.

తర్వాత ఆ బండిని కండెం చేశారు. ఇక పనికిరాదని తేల్చి తుక్కుకి పంపడాన్ని డిపోలో అలా అంటారు. ఆ రోజు బావకి డ్యూటీ లేదు. అయినా వెళ్ళాడు. బండిని గొలుసుకట్టి లాక్కుపోతుంటే గేటు దగ్గర నిలబడి చెయ్యెత్తాడట. అక్క ఈ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో మాత్రం బావ నవ్వేవాడు కాదు.

"ఇంకా తిరిగేదిరా అది. బాగుచేస్తానని అడిగినవాడు లేక పోయింది" అనేవాడు.

రిటైరయ్యాక తెనాలిలో చిన్న డాబా ఇల్లు కట్టుకున్నారు. ఆ కొత్తలోనే బావ గుండె నెమ్మదించింది. గుంటూరులో ఛాతీ మీద చర్మం కింద అగ్గిపెట్టెంత మిషను పెట్టారు. గుండె ఆగబోయినప్పుడల్లా అది ఒక తోపు తోస్తుంది. బావ దానికి క్లీనరు అని పేరు పెట్టాడు. బండి మొరాయిస్తే దిగి తోసేది క్లీనరే కదా. "మావాడు దిగాడు" అనేవాడు మెట్లెక్కుతూ మధ్యలో ఆగి.

టెలిస్కోపు సంగతి మొదలైన రోజు నేను అక్కడే ఉన్నాను. పొలం నుంచి గోంగూర తీసుకెళ్ళాను. బావ పేపరు చదువుతున్నాడు. ఉన్నట్టుండి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"విన్నావా బావమరిదీ. ఆకాశంలో తిరిగే పెద్ద టెలిస్కోపు ఉందట. ముప్పై ఏళ్ళు దాటిన బండి. పైకి పంపిన కొత్తలో దానికి చూపు మసకట. మనుషులు వెళ్ళి కళ్ళజోడు పెట్టొచ్చారట. తర్వాత కూడా వెళ్ళి సామాన్లు మార్చొచ్చారు. ఇప్పుడా తీసుకెళ్ళే బండ్లు కండెం. వెళ్ళేవాడు లేడు. అటూ ఇటూ ఊగకుండా నిలబెట్టే చక్రాలు ఒక్కొక్కటే పాడై, ఇప్పుడు ఒక్క చక్రం మీద నడిపిస్తున్నారట."

"మీరూ నడిపారుగా ఒక్క చక్రం మీద" అంది అక్క వంటింట్లోంచి.

"గేరు. చక్రం కాదు" అన్నాడు బావ. "పైగా ఏడాదికేడాది కిందకి జారుతోందట. గాలి అడ్డం తగిలి."

"అంత పైన గాలే ఉండదంటారుగా?"

"పలచగా ఉంటుందే. ఈ ఇంట్లో నా మాట ఉన్నంత పలచగా. అయినా తగులుతుంది."

తర్వాత వేలు పెట్టి ఒక వాక్యం చదివాడు. ఎవరో ప్రైవేటువాళ్ళు, మా సొంత బండిలో మేం వెళ్తాం, దాన్ని పైకి నెడతాం, కుదిరితే చక్రాలు కూడా మారుస్తాం అంటున్నారట. ఆ వాక్యాన్ని బావ రెండోసారి చదివాడు, ఈసారి నెమ్మదిగా.

"అడిగినవాడు వచ్చాడురా" అన్నాడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. పసుపు టేపు గుర్తొచ్చింది. గోంగూర వలవడం మొదలుపెట్టాను.

అది మొదలు ఆ టెలిస్కోపు అక్కవాళ్ళ ఇంట్లో మనిషైపోయింది. పాలు పోసే ఆయనకి చెప్పాడు. ఆయన తర్వాత నుంచి ఇంకో సందులోంచి రావడం మొదలుపెట్టాడు. మంగలి షాపులో చెప్పాడు. అక్కడ కత్తి గొంతు మీద ఉండగా కూడా చెబుతూనే ఉన్నాడట, వద్దు పెద్దాయనా, గడ్డం అయ్యాక చెబుదువుగాని అని బతిమాలాడట షాపతను.

సాయంత్రాలు డాబా ఎక్కేవాడు. అది మన మీదుగానే పోతుందని, పొద్దు గుంకాక కాసేపు మెరిసే చుక్కలా కనపడుతుందని ఎవరో చెప్పారు. కదిలే దీపం ఏది కనపడ్డా బావ చెయ్యెత్తేవాడు.

"అది గన్నవరం విమానం అండి" అనేది అక్క బట్టలు తీస్తూ.

"దానికీ డ్రైవరుంటాడుగా. చెయ్యి దిగేదాకా ఆగు."

నేను బావని ప్రశ్న అడగడం చాలా తక్కువ. ఒక సాయంత్రం అడిగాను. "బావా, ఆ టెలిస్కోపులో మనిషి లేడు కదా. ఎవరికి ఎత్తుతున్నావు?"

"లేకపోతే మరీ మంచిది" అన్నాడు బావ. "తిరిగి ఎత్తలేదని బాధుండదు."

ఒక ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక, ప్రార్థన అవసరాలు ఉన్నవాళ్ళు చెప్పండి అన్నారు అయ్యగారు. మా సంఘంలో ఇది ఎప్పుడూ ఉండేదే. ఒకావిడ పిత్తాశయంలో రాళ్ళ గురించి చెప్పింది. ఒకాయన కొడుకు టీచరు పరీక్ష గురించి చెప్పాడు. మూడోది బావ. లేచి నిలబడి టెలిస్కోపు పరిస్థితి మొత్తం చెప్పాడు. ప్రైవేటువాళ్ళ ప్రయాణం నిర్విఘ్నంగా సాగాలని, దాని యజమానులు ఒప్పుకోవాలని ప్రార్థన చెయ్యమన్నాడు.

అయ్యగారు కాసేపు బైబిలు వైపు చూశారు. "అది యంత్రం కదండి" అన్నారు మెల్లగా.

"కిందటి వారం దుగ్గిరాల వారి గేదెకి చేశారు కదండి అయ్యగారూ."

"గేదె పాలిస్తుందండి."

"ఇది ఫోటోలిస్తుందండి."

ఆడవాళ్ళ వైపు ఎవరో నవ్వు ఆపుకున్నారు. అయ్యగారు మంచివారు. కళ్ళు మూసుకుని, పైన తిరుగుచున్న ఆ యంత్రమును, దానిని బాగుచేయ తలచిన వారిని నీ చేతికి అప్పగించుచున్నాము ప్రభువా అని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. నేను మనసులో అన్నాను.

ఇక్కడ మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి. ఎవరి కోసమైనా గుళ్ళో ప్రార్థన జరిగితే, ఆ వారం వాళ్ళని చూడ్డానికి వెళ్ళాలి. చేతిలో బ్రెడ్డు ఉండాలి. కుదిరితే అరటిపళ్ళు. ఇది ఎక్కడా రాసిలేదు గానీ, వెళ్ళకపోతే తర్వాతి ఆదివారం ఎవరూ ఊరుకోరు. మరి టెలిస్కోపుకి ఎక్కడికి వెళ్ళాలి? అందరూ ఆలోచించి, అడిగిన మనిషి ఇల్లే దాని ఇల్లని తేల్చుకున్నారు.

మొదట వెనక వీధి పెద్దమ్మ వచ్చింది. సంఘంలో అందరికన్నా పెద్దది. బ్రెడ్డు బల్ల మీద పెట్టి, చెంగు సర్దుకుని, గొంతు తగ్గించింది.

"ఎలా ఉంది నాయనా దానికి?"

"ఒక్క చక్రం మీద ఉందమ్మా" అన్నాడు బావ.

"అయ్యో. ఆపరేషను ఎప్పుడట?"

"చేస్తామని వచ్చారు. ఇంకా ఒప్పుకోలేదు."

"ఎవరు?"

"దాని ఇంటివాళ్ళు."

"వాళ్ళు సంతకం పెట్టకపోతే డాక్టర్లు ముట్టుకోరు నాయనా. మా ఆయనప్పుడూ అంతే. నువ్వు గట్టిగా చెప్పు."

బావ తప్పకుండా చెబుతానన్నాడు.

ఆ వారం ఎంతమంది వచ్చారో నాకు తెలియదు గానీ, తర్వాత నేను వెళ్ళేసరికి అక్కవాళ్ళింట్లో ఇడ్లీ రేకులు ఆరబెట్టి అటక మీద పెట్టేశారు. పొద్దున బ్రెడ్డు పాలతో, మధ్యాహ్నం బ్రెడ్డు ఉప్మా, సాయంత్రం బ్రెడ్డు హల్వా. నాకు కూడా ఒక పాకెట్ కట్టి ఇచ్చింది అక్క. "ఆకాశంలో దానికి జబ్బు చేస్తే నా వంటిల్లు మూతపడిందిరా" అంది.

ఇదంతా నవ్వులాటగానే గడిచేది. కొన్నాళ్ళకి రెండు కబుర్లు దగ్గర దగ్గరగా వచ్చాయి.

మొదటిది పేపర్లో. టెలిస్కోపు యజమానులు ఇప్పటికి వద్దన్నారట. బాగుచెయ్యబోయి పాడుచేస్తే ఏం చేస్తాం, ఉన్నన్నాళ్ళు ఉన్నట్టే నడవనిద్దాం అన్నారట. బావ పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు.

"కదిపితే పాడవుతుందట. కదపకపోతే చావదా? నెట్టేవాడు ఎదురుగా వచ్చి నిలబడితే నెట్టించుకోవాలా వద్దా? భయస్తులు బావమరిదీ, వట్టి భయస్తులు."

రెండోది గుంటూరు డాక్టరు చెప్పాడు. బావ గుండె దగ్గరున్న మిషనుకి బ్యాటరీ అయిపోవస్తోంది. ఆలస్యం చెయ్యకుండా మార్చాలి. చిన్న కోత, మత్తు కూడా అక్కడికే ఇస్తారు, త్వరగానే ఇంటికి పంపిస్తారు.

బావ వద్దన్నాడు.

"నడుస్తోందిగా. కదిపితే ఉన్నదీ పోతుంది" అన్నాడట డాక్టరుతో.

అక్క ఫోన్లో ఇది చెబుతూ ఏడ్చింది. బావ ఎందుకు వద్దంటున్నాడో మా ఇద్దరికీ తెలుసు. ఆయన బండిలో తల బయటపెట్టి గేదె, గోడ అని అరిచిన కండక్టరు, కిందటేడు ఏదో చిన్న ఆపరేషనుకే ఆసుపత్రికి నడుచుకుంటూ వెళ్ళాడు. ఇంటికి నడుచుకుంటూ రాలేదు. అప్పటి నుంచి బావ ఆసుపత్రి వీధిలోకి ఆటో తిరిగితే చాలు, "ఎడమ పక్క చూసేవాడు లేడు, వెనక్కి తిప్పు" అనేవాడు.

"నా మాట ఎలాగూ వినరు. నువ్వు చెప్పరా" అంది అక్క. "నువ్వు ఎప్పుడూ మాట్లాడవు కాబట్టి, మాట్లాడితే వింటారు."

రైలెక్కాను. భట్టిప్రోలులో మొదలుపెట్టి ఏం చెప్పాలో కూర్చుకున్నాను. వేమూరు వచ్చేసరికి మాట బాగా కుదిరింది, ఎదురు సీటాయన నా పెదాలు కదలడం చూసి కిటికీ వైపు జరిగాడు కూడా. తెనాలిలో దిగి గేటు తీసేసరికి మొదటి ముక్క పోయింది. బావ గుమ్మంలోనే, "రా బావమరిదీ, వాళ్ళు ఇంకా మనసు మార్చుకోలేదు" అని టెలిస్కోపు కబురు ఎత్తుకున్నాడు. భోజనం చేశాను. తలూపాను. సాయంత్రం రైలుకి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అలాగే వచ్చేశాను. అక్క స్టేషను దాకా వచ్చి నా మొహం చూసి, అడగడం కూడా మానేసింది.

మూడోసారి వెళ్ళేసరికి వాళ్ళింట్లో చాపలు పరిచి ఉన్నాయి. టెలిస్కోపు ఇంటివాళ్ళ మనసు మారాలని పెద్దమ్మే గృహ ప్రార్థన పెట్టించింది. అయ్యగారు వచ్చారు, చుట్టుపక్కలవాళ్ళు వచ్చారు. బల్ల మీద బ్రెడ్డు గోడలా పేర్చి ఉంది.

మా గృహ ప్రార్థనల్లో గుండ్రంగా కూర్చుని వరసగా ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేస్తారు. ఒకరు ఆమెన్ అనగానే పక్కవాళ్ళు అందుకోవాలి. గొలుసు తెగకూడదు. నాలాంటివాళ్ళు ఉంటారు కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. వరస వచ్చినప్పుడు ఒక్క ఆమెన్ అనేస్తే చాలు, పక్కకి వెళ్ళిపోతుంది. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి ఆ ఒక్క మాటతోనే నెట్టుకొస్తున్నాను. నా తర్వాత కూర్చునేవాళ్ళు నేను ఆమెన్ అనకముందే గొంతు సవరించుకుంటారు.

ఆ రోజు నా తర్వాత బావ.

పెద్దమ్మ ప్రార్థన చేసింది. అక్క చేసింది, సగంలో ఆపేసింది. అక్క ఆమెన్ తర్వాత నా వరస. బావ అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా" అన్నాను.

బావ గొంతు సవరింపు మధ్యలో ఆగిపోయింది. ఎవరో చాప మీద కదిలారు. నాకు రైల్లో కూర్చుకున్నది ఒక్క ముక్క గుర్తులేదు.

"ప్రభువా, పైనున్న దాని సంగతి నాకు సరిగ్గా తెలియదు. ఈ ఇంట్లో సంగతి తెలుసు. బావ గుండె దగ్గర మిషనుకి బ్యాటరీ అయిపోతోంది. మార్చాలన్నారు. బావ వద్దంటున్నాడు. భయం. అక్కకి నిద్రలేదు. కండెం అయిన బండికి చెయ్యెత్తిన మనిషి, తన బండిని మాత్రం షెడ్డుకి పోనివ్వడంట. బాగుచేస్తానని అడిగినవాడు వచ్చాడు ప్రభువా. బావని ఒప్పుకోమను. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. కళ్ళు తెరిచాను. అందరూ కళ్ళు తెరిచే ఉన్నారు, అయ్యగారితో సహా. బావ ఒక్కడే కళ్ళు మూసుకుని ఉన్నాడు. వరస ఆయనది. గొలుసు తెగకూడదు.

చివరికి బావ నోరు తెరిచాడు.

"ప్రభువా, ఈ మనిషికి ఇన్నేళ్ళూ మాటలు ఎందుకివ్వలేదో నాకిప్పుడు తెలిసింది. దాచిపెట్టి ఒకేసారి నా మీద దింపడానికి. సరే. కానివ్వండి. ఆమెన్."

ఈసారి అందరూ ఆమెన్ అన్నారు, వీధిలోకి వినపడేలా. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుని, "సంతకం ఎవరు పెట్టాలి?" అంది.

"నేనే పెద్దమ్మా" అంది అక్క.

"అయితే ఆలస్యమెందుకు అమ్మాయ్. వాళ్ళెవరో దేశంకాని దేశంవాళ్ళు, మన మాట వినరు. వీడు మనవాడే కదా."

అక్కడున్న బ్రెడ్డంతా బల్ల మీద నుంచి తెచ్చి బావ ముందు పెట్టారు.

గుంటూరు వెళ్ళేటప్పుడు కారులో బావ నాతో మాట్లాడలేదు. నాకు అది కొత్త. ఇద్దరం మాట్లాడకపోతే బండిలో ఎంత చప్పుడో అప్పుడు తెలిసింది. ఆసుపత్రిలో బావని చక్రాల మంచం మీద పడుకోబెట్టి తోసుకెళ్తున్నారు. నేను ఎడమ పక్కన నడుస్తున్నాను. బావ పైకప్పు వైపు చూస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"ఎడమ పక్క ఏముంది?"

చూశాను. "గోడ బావా" అన్నాను.

కాస్త కుడికి జరిగి పడుకున్నాడు. నర్సు కదలొద్దంది.

ఆపరేషను గది తలుపు తెరుచుకుంది. లోపల నుంచి ఇంకో మంచం బయటికి వస్తోంది. దాని మీద ఎవరో పెద్దాయన, ముక్కుకి గొట్టాలు, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. రెండు మంచాలూ పక్కపక్కగా దాటుతుంటే, బావ దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి ఎత్తాడు. ఆయన మత్తులో ఉన్నాడు. అయినా ఆయన వేళ్ళు నాలుగు దుప్పటి మీద లేచి పడ్డాయి.

"ఎత్తాడ్రా" అన్నాడు బావ. లోపలికి తీసుకెళ్ళిపోయారు.

అన్నీ సవ్యంగా జరిగాయి. ఇంటికొచ్చాక ఎవరడిగినా, "క్లీనర్ని మార్చారు. కొత్తవాడు కుర్రాడు, పిలవకపోయినా దిగి తోస్తున్నాడు" అనేవాడు. బ్రెడ్డు మళ్ళీ వచ్చింది. ఈసారి అక్క విసుక్కోలేదు. నాతో మాత్రం బావ మళ్ళీ మామూలే. మాట్లాడేవాడు, నేను వినేవాణ్ణి. ఆ ప్రార్థన గురించి ఒక్కసారే ఎత్తాడు. డాబా మీద ఉండగా, "భయస్తులు అన్నాను కదా వాళ్ళని. వాళ్ళ భయం కూడా నిజమేలే" అన్నాడు. మళ్ళీ తనే, "అయినా ఒప్పుకోవాలి" అన్నాడు.

తర్వాత ఇంకెవరో ప్రైవేటువాళ్ళు వేరే చిన్న టెలిస్కోపుని పైకి నెట్టడానికి సిద్ధమవుతున్నారని పేపర్లో వస్తే, నన్ను రేపల్లె నుంచి పిలిపించి చదివి వినిపించాడు. ఫోన్లో చెప్పొచ్చు కదా అని అక్క అంది. "వాడు ఫోన్లో తలూపితే నాకు కనపడదు" అన్నాడు.

ఆ కొత్త క్లీనరు తోసినన్నాళ్ళూ బావ ఇలాగే ఉన్నాడు. మొన్న మధ్యాహ్నం పప్పుచారు, గుమ్మడికాయ వడియాలతో అన్నం తిని, టీకి లేపమని చెప్పి పడుకున్నాడు. డాక్టరు వచ్చి చూసి, "మిషను బాగానే ఉందండి. మనిషే అలిసిపోయాడు" అన్నాడు. మిషను తియ్యలేదు. భూస్థాపన అయ్యాక సమాధుల తోట నుంచి వస్తూ అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది. "అది ఇంకా తోస్తూనే ఉంటుందంటరా లోపల?"

"బ్యాటరీ ఉన్నన్నాళ్ళు తోస్తుందటక్కా."

"పాపం" అంది అక్క. ఏడుస్తూనే కాస్త నవ్వింది. "ఎంత తోసినా ఆయన లేవరు. నేను లేపితేనే లేవలేదు."

పోయినవాళ్ళ ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక అక్కవాళ్ళ ఇంట్లోనే జరిగింది. అవే చాపలు. అయ్యగారు మాట్లాడారు, పాటలు పాడారు. చివర్లో ప్రార్థన అవసరాలు ఎవరికైనా ఉన్నాయా అని అయ్యగారు అలవాటు కొద్దీ అడిగారు. పెద్దమ్మ చెయ్యెత్తింది.

"పైనున్నదాని సంగతి ఏంటండి? ఇంకా తిరుగుతోందా?"

ఎవరికీ తెలియదు. ఒకరొకరుగా అందరూ నా వైపు చూశారు. చెప్పాల్సిన మనిషి కుర్చీ ఖాళీగా ఉంది, దాని పక్కన నేనున్నాను.

"తిరుగుతోందండి" అన్నాను.

"ఒప్పుకున్నారా ఇంటివాళ్ళు?"

"ఇంకా లేదండి."

"అయితే మానకూడదు" అంది పెద్దమ్మ. అయ్యగారు అడ్డుచెప్పలేదు. గేదె మాట ఎత్తలేదు. వరసగా ప్రార్థన మొదలైంది. నా వంతు వచ్చినప్పుడు పక్కాయన గొంతు సవరించుకోకుండా ఆగాడు. నేను రెండు ముక్కలు మాట్లాడాను. ఎక్కువేం కాదు.

అందరూ వెళ్ళేటప్పుడు పెద్దమ్మ నా చేతిలో బ్రెడ్డు పాకెట్ పెట్టింది. రేపల్లె దాకా రాలేను నాయనా, ఇక్కడే ఇస్తున్నాను అంది.

బ్రెడ్డు చేత్తో పట్టుకునే డాబా ఎక్కాను. అక్క తీగ మీద బట్టలు తీస్తోంది. పడమట ఇంకా కాస్త ఎరుపు ఉంది. స్టేషను వైపు నుంచి రైలు కూత వినపడింది. ఒక చుక్క కదులుతూ వస్తోంది, తొందర లేకుండా, రెండో గేరులో వస్తున్నట్టు.

"అదేనంటావా?" అంది అక్క.

"విమానమేమో" అన్నాను.

అక్క బట్టలు భుజం మీద వేసుకుంది. ఇన్నాళ్ళూ బావని వెక్కిరించిన మనిషి, ఖాళీగా ఉన్న చెయ్యి పైకెత్తి అలాగే ఉంచింది. నేను బ్రెడ్డు పాకెట్ ఎడమ చేతిలోకి మార్చుకున్నాను. చుక్క మా మీదుగా దాటి రేపల్లె వైపు పోయేదాకా ఇద్దరం చేతులు దించలేదు.